కొలిచినవాడి కూలి

అనిశ్చితికి వెల కట్టవచ్చునా, కడితే ఆ వెల ఎవరికి చెందాలి, ఎంతవరకు చెందాలి అనే ప్రశ్నను ధర్మశాస్త్రకారులు మన కాలానికి చాలా ముందే ఎదుర్కొన్నారు. ఆ ప్రశ్నే ఇప్పుడు గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వంటి ఊళ్ల గడపల్లోకి కొత్త రూపంలో వచ్చి నిలబడింది. పంటనే పేరుగా ధరించిన ఈ ఊరి చుట్టూ ఉన్న నల్లరేగడి నేలల్లో పత్తి, మిర్చి పండించే రైతు విత్తనం వేసిన నాటి నుంచి సరుకు యార్డులో అమ్ముడుపోయే దాకా వాన, పురుగు, ధర అనే మూడు అనిశ్చితులను నెత్తిన మోస్తాడు. అటువంటి రైతు ఇంట పుట్టి, కార్పొరేటు కళాశాలలో రెండేళ్లు కష్టపడి, ఐఐటీలో సీటు సంపాదించుకున్న పిల్లవాడు అనిశ్చితిని లెక్కగట్టే ఉద్యోగంలో చేరితే, తండ్రి జీవితకాలమంతా చూడని మొత్తాన్ని ఒక్క ఏడాదిలో చూడగలుగుతున్నాడు. మోసినవాడికి అప్పు, కొలిచినవాడికి ప్యాకేజీ అన్న ఈ అమరికను విధి అని వదిలివేయవచ్చు, ప్రతిభకు దక్కిన ఫలమని మెచ్చుకోవచ్చు, లేదా దాని న్యాయాన్యాయాలను మన శాస్త్రాల వెలుగులో విచారించవచ్చు. ఈ వ్యాసం చేసేది ఆ మూడో పని.

గణితం, సంభావ్యతా శాస్త్రం, కంప్యూటర్ల సాయంతో ధరల కదలికలను అంచనా కట్టి, ఆ అంచనాల మీద కొనుగోళ్లూ అమ్మకాలూ జరిపే విద్యను క్వాంటిటేటివ్ ఫైనాన్స్ అంటారు. దాన్ని వృత్తిగా చేపట్టినవారు క్వాంట్లు. 1900లో పారిస్‌లో లూయీ బాషెలియే అనే గణితవేత్త స్పెక్యులేషన్ మీద సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఈ విద్యకు మొదటి మెట్టు కాగా, 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ప్రకటించిన సూత్రం, అదే ఏడు రాబర్ట్ మెర్టన్ దానికి చేసిన విస్తరణ ఆప్షన్ అనే ఒప్పందానికి వెల కట్టే మార్గాన్ని చూపాయి. ఆప్షన్ అంటే ముందుగా అనుకున్న ధరకు, ముందుగా అనుకున్న గడువులో ఒక సరుకును కొనే లేదా అమ్మే హక్కు. స్థలం కొనడానికి బయానా ఇచ్చినవాడు ధర పెరిగితే రిజిస్ట్రేషను చేయించుకుని, పడిపోతే బయానా వదులుకుని తప్పుకున్నట్లే, ఆప్షన్ కొన్నవాడికి హక్కు ఉంటుంది కాని బాధ్యత ఉండదు. ఆ బయానా ఎంత ఉంటే న్యాయమో చెప్పడమే బ్లాక్, షోల్స్ సూత్రం చేసిన పని.

ఈ విద్యకు మూలమైన సంభావ్యతా చింతనలో తెలుగువారి పాలు చిన్నది కాదు. గణితాన్ని తెలుగులో చెప్పిన పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని సారసంగ్రహ గణితంగా తెనిగించాడు. ఆధునిక కాలంలో గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో పట్టా పుచ్చుకుని, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిన సి.ఆర్. రావు, 1945లో తన పాతికేళ్ల వయసులోనే ఒక సిద్ధాంతాన్ని ప్రకటించాడు. చేతిలో ఉన్న సమాచారం నుంచి తెలియని విలువను ఎంత నేర్పుగా, పక్షపాతం లేకుండా అంచనా కట్టినా, అందులోని పొరపాటు ఒక హద్దు కంటే కిందికి దిగదని అది చెబుతుంది. మనిషి తెలివికి గణితమే గీసిన గీత అది. ఆయనకు 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది, అదే ఏడు ఆగస్టులో ఆయన మరణించాడు. క్వాంటు వృత్తిలో ఉన్న ప్రతివాడూ ఆ గీతకు ఈవలే పని చేస్తాడు. అనిశ్చితిని ఎవరూ నిర్మూలించలేరు గనుక, కొలిచి ఒకరి నెత్తి మీది నుంచి మరొకరి నెత్తి మీదికి మార్చడం తప్ప చేయగలిగింది లేదు. ఈ మార్పిడి ఎవరి నుంచి ఎవరికి జరుగుతున్నదన్నదే ధర్మవిచారానికి కేంద్రం.

వృత్తి మార్గం విషయానికి వస్తే, అందులో స్థూలంగా మూడు శాఖలు ఉన్నాయి: ధరల్లో క్రమాన్ని వెతికే పరిశోధకుడు, ఆ క్రమం మీద డబ్బు పెట్టే ట్రేడర్, రెండింటికీ యంత్రాంగం కట్టే డెవలపర్. గణిత ఒలింపియాడ్లు, ఐఐటీలు, గణాంక సంస్థలు, విదేశీ పీహెచ్‌డీలు దీనికి ద్వారాలు. సంభావ్యత చిక్కుప్రశ్నలు, నోటి లెక్కలు ప్రవేశ పరీక్షలు. న్యూయార్క్ నగరంలో 2022 నవంబరు నుంచి ఉద్యోగ ప్రకటనల్లో జీతం వెల్లడించడం తప్పనిసరి కావడంతో, అంతకు ముందు గుసగుసగా వినిపించిన అంకెలు అందరికీ కనిపించాయి: జేన్ స్ట్రీట్ అనే సంస్థ ప్రకటించిన మూలవేతనం ఏడాదికి 3 లక్షల డాలర్లు. 2024 చివర మద్రాసు ఐఐటీ విద్యార్థి ఒకరికి అదే సంస్థ హాంకాంగ్ ఉద్యోగానికి 4.3 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చిందని పత్రికలు రాశాయి. మూలవేతనం మీద ఏడాది చివర బోనస్ ఉంటుంది. అనుభవం పెరిగి స్వయంగా నిధిని నడిపే స్థాయికి చేరినవాడికి లాభంలో వాటా ఉంటుంది. సంస్థ మారదలచినవాడిని, అతని బుర్రలోని రహస్యాలు పాతబడే దాకా, నెలల తరబడి జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టే గార్డెన్ లీవ్ అనే పద్ధతీ ఉంది. పని చేయకుండా ఉండటానికి కూడా జీతం ముట్టే ఈ వృత్తిని, ఏడాదంతా పని చేసినా కూలి గిట్టుబాటు కాని వృత్తి పక్కన పెట్టి చూడవలసి రావడం ప్రత్తిపాడు ప్రాంతపు విశేషం.

రిస్కుకు వెల ఉండడం తప్పు కాదన్న విషయంలో శాస్త్రకారులకు సందేహం లేదు. సామాన్యమైన అప్పులకు వడ్డీ నిర్ణయించిన యాజ్ఞవల్క్య స్మృతి, అడవుల గుండా సరుకు తీసుకుపోయే వర్తకుడు నెలకు నూటికి పది, సముద్రం మీద పోయేవాడు నూటికి ఇరవై చెల్లించాలని చెప్పింది. అడవిలో దొంగలుంటారు, సముద్రంలో తుఫాను ఉంటుంది. అప్పు ఇచ్చినవాడి అసలే మునిగిపోవచ్చు. కాబట్టి అదనపు వడ్డీ ధర్మబద్ధం. సముద్రయానపు అనుభవం ఉండి, దేశాన్నీ కాలాన్నీ సరుకునూ చూడగలవారు నిర్ణయించిన వడ్డీయే ప్రమాణమని మనుస్మృతి అంటుంది. ఈ చూడగలవారే నేటి క్వాంట్లకు పూర్వులు. అయితే ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. అదనపు వెల ముట్టింది అసలు పోగొట్టుకోగలవాడికి; అంచనా కట్టినవాడు వివాదంలో ఇరుపక్షాలకూ ప్రమాణంగా నిలిచేవాడు, ఒక పక్షం చేరి రెండో పక్షపు పొరపాటు మీద బతికేవాడు కాడు. యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెలుగు చేశాడు గనుక ఈ వ్యవహార ధర్మం తెలుగు పాఠకుడికి పరాయిది కాదు.

అయితే జీతపు న్యాయాన్ని తూచడానికి వీటన్నిటి కంటే పదునైన త్రాసు నారద స్మృతిలో ఉంది. ధనం మూడు రకాలని ఆ స్మృతి విభజించింది: శుక్లం, శబలం, కృష్ణం. శుక్లమంటే తెల్లనిది, చదువు, శౌర్యం, తపస్సు, శిష్యుల వల్ల వచ్చినది, వంశపారంపర్యంగా సంక్రమించినది వంటివి ఇందులో చేరుతాయి. శబలమంటే తెలుపూ నలుపూ కలిసిన చారలది. వడ్డీ, వ్యవసాయం, వర్తకం, సుంకం, చేతిపని, కొలువు, చేసిన మేలుకు పుచ్చుకున్న ప్రతిఫలం ఈ కోవలోవి. కృష్ణమంటే నల్లనిది, లంచం, జూదం, దొంగతనం, ఇతరులను పీడించడం, నకిలీని అసలుగా చూపడం, దౌర్జన్యం, కపటం ద్వారా వచ్చిన ధనమంతా అదే. ఏ రంగు ధనంతో ఏ పని చేస్తే ఆ రంగు ఫలమే ఇహంలోనూ పరంలోనూ దక్కుతుందని కూడా ఆ స్మృతి హెచ్చరించింది.

నేటి తెలుగులో నల్లధనమంటే పన్ను ఎగ్గొట్టిన ధనం. అందువల్ల జీతంలోనే పన్ను కోత పడే ఉద్యోగి ధనం తెల్లనిదన్న భావం మనలో స్థిరపడిపోయింది. నారద స్మృతి దృష్టిలో ధనానికి రంగు అంటేది రాజుకు కప్పం కట్టినప్పుడు కాదు, అది పుట్టినప్పుడే. పన్ను పూర్తిగా చెల్లించిన ధనం నల్లగా ఉండవచ్చు. పన్ను పరిధిలోకే రాని పల్లెటూరి బడిపంతులు దక్షిణ తెల్లగా ఉండవచ్చు. మరో ముఖ్య విషయం, స్మృతి వ్యవసాయాన్ని శుక్లంలో చేర్చలేదు. రైతు ధనాన్ని వర్తకుడి ధనంతో, వడ్డీ వ్యాపారి ధనంతో కలిపి చారల ధనమనే అన్నది. రైతు గనుక పవిత్రుడు, కంప్యూటరు ముందు కూర్చున్నవాడు గనుక పాపి అనే సులువైన తీర్పుకు ఇక్కడ తావు లేదు. పత్తి చేలో కొట్టిన పురుగుమందు ఎవరి నీళ్లలో కలిసిందో, ఆ చేలో కూలికి వచ్చిన ఆడమనిషికి ఎంత ముట్టిందో అడిగితే రైతు ధనంలోని నల్లచారలు కూడా కనిపిస్తాయి. ఈ నిష్పాక్షికతే నారద త్రాసును నమ్మదగినదిగా చేస్తుంది.

ఆ త్రాసులో క్వాంటు జీతాన్ని పెట్టి చూస్తే మూడు రంగులూ ఒకే జీతపు చీటీలో కనిపిస్తాయి. అది చదువు వల్ల వచ్చిన ధనం గనుక ఒక పాలు శుక్లం. పరీక్షలో నెగ్గడానికి ఏళ్ల తరబడి నిద్ర మానుకున్న పిల్లవాడి శ్రమను తక్కువ చేయడం అన్యాయం. ఈ సంస్థల్లో పెక్కు చేసే ముఖ్యమైన పని మార్కెట్ మేకింగ్. అంటే అమ్మదలచినవాడికి ఎప్పుడూ కొనేవాడు, కొనదలచినవాడికి ఎప్పుడూ అమ్మేవాడు దొరికేలా నిలబడి, రెండు ధరల మధ్య ఉన్న చిన్న తేడాను కూలిగా పుచ్చుకోవడం. ఇది వర్తకం, కాబట్టి శబలం. బేరగాళ్లు లేని రోజున యార్డుకు సరుకు తెచ్చిన రైతుకు ఇటువంటివాడి విలువ బాగా తెలుసు. చిక్కంతా మూడో పాలు దగ్గర ఉంది.

సెక్యూరిటీల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో షేర్ల ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ధరను నేడే ఖాయం చేసుకునే ఒప్పందాలు), ఆప్షన్లలో దిగిన కోటి మందికి పైగా వ్యక్తిగత మదుపుదారులలో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. 2023-24 ఒక్క ఏడాదిలో సొంత డబ్బుతో వ్యాపారం చేసే సంస్థలు ఖర్చులు తీయకముందు సుమారు 33 వేల కోట్లు, విదేశీ మదుపు సంస్థలు సుమారు 28 వేల కోట్లు లాభపడ్డాయి. ఆ లాభాల్లో నూటికి 96, 97 పాళ్లు అల్గారిథం, అంటే మనిషి చేయి తగలకుండా యంత్రమే లావాదేవీ జరిపే పద్ధతి ద్వారా వచ్చాయి. నిబంధనలు బిగించిన తరువాత 2024-25లో కూడా నూటికి 91 మంది వ్యక్తులు నష్టపోయారని, ఆ నష్టం లక్ష కోట్లు దాటిందని సెబీ మరుసటి ఏడు వెల్లడించింది. ఆప్షన్ల లావాదేవీలో ఒకరి లాభం మరొకరి నష్టమే గనుక, క్వాంటు బోనస్ అనే ఏరును ఎగువకు వెతుక్కుంటూ పోతే, దానిలో ఒక పాయ ఈ నష్టజాతకుల ఇళ్ల నుంచే బయలుదేరుతుంది. పట్టణాల్లో చిరుద్యోగులు, ఫోను మీద ట్రేడింగు నేర్చుకున్న నిరుద్యోగ యువకులు అందులో ఉన్నారు.

2025 జులై 3న సెబీ జేన్ స్ట్రీట్ మీద ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఈ ప్రశ్నను మరింత ముందుకు తెచ్చింది. ఆప్షన్ల గడువు ముగిసే రోజుల్లో బ్యాంకు షేర్లను ఉదయం భారీగా కొని వాటి సూచీని పైకి లేపి, ఆ సూచీ పడితే లాభమిచ్చే ఆప్షన్లను అంతకు మించిన మొత్తంలో చేతపట్టుకుని, మధ్యాహ్నం షేర్లను అమ్మివేశారన్నది ఆరోపణ. 4,843 కోట్ల రూపాయలకు పైగా అక్రమ లాభమని లెక్కించి స్వాధీనం చేయాలని ఉత్తర్వు. సంస్థ ఆ మొత్తాన్ని జమ చేసింది, ఆరోపణను నిరాకరించి అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించింది. న్యాయనిర్ణయం ట్రిబ్యునల్ పని, ఈ వ్యాసం పని కాదు. ధర్మవిచారానికి కావలసింది వేరొకటి: కొనాలన్న కోరిక లేకుండా కొన్నట్లు కనబడి ఎదుటివాడిని నమ్మించడం ఎవరు చేసినా, అది నారద స్మృతి కృష్ణధనం కింద పేర్కొన్న నకిలీ చూపడమనే వర్గంలో పడుతుంది. అటువంటి లావాదేవీ లేనప్పుడు కూడా, ఎదుటివాడికి తాను ఆడుతున్న ఆట ఏమిటో తెలియదన్న సంగతి నిశ్చయంగా తెలిసి, ఆ తెలియమి మీదనే లాభం లెక్కగట్టుకునేవాడు వర్తకానికీ ద్యూతానికీ మధ్య ఉన్న గట్టు దాటినట్లే.

లెక్క తెలిసినవాడు ఆ లెక్కతో ఏం చేయాలన్న ప్రశ్నకు భారతీయ సాహిత్యంలో అతి ప్రాచీనమైన సమాధానం మహాభారతపు అరణ్యపర్వంలో, తెలుగులో నన్నయ రచించిన భాగంలోనే ఉన్న నలోపాఖ్యానంలో దొరుకుతుంది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే మారుపేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడికి సారథిగా ఉంటాడు. విదర్భకు రథం తోలుకుపోతుండగా ఋతుపర్ణుడు దారి పక్కన ఉన్న తాండ్ర చెట్టును చూసి, దాని రెండు కొమ్మల్లో 5 కోట్ల ఆకులు, 2,095 కాయలు ఉన్నాయని చెబుతాడు. నలుడు రథం ఆపి, చెట్టు నరికి, కాయలు లెక్కపెట్టి, సరిపోవడం చూసి ఆశ్చర్యపోతాడు. కొంత చూసి మొత్తాన్ని అంచనా కట్టే ఈ విద్యను సంభావ్యత చరిత్ర రాసిన పాశ్చాత్య పండితులు కూడా ప్రస్తావించారు. ఆ చెట్టు కాయలే ఆనాటి పాచికలు; లెక్కించే విద్యనూ పాచికల మర్మాన్నీ కథకుడు ఒకే చెట్టు కింద పెట్టడం యాదృచ్ఛికం అనిపించదు.

ఆ తరువాత జరిగినది మరీ ముఖ్యం. ఋతుపర్ణుడు తన అక్షహృదయాన్ని, అంటే పాచికల రహస్యాన్ని, అమ్మలేదు. నలుడి అశ్వహృదయానికి, అంటే గుర్రాలను తోలే రహస్యానికి, బదులుగా ఇచ్చాడు, ఆ బదులు కూడా వెంటనే అడగక నలుడి దగ్గరే నిక్షేపంగా ఉంచమన్నాడు. ఆ విద్య తెలిసిన క్షణానే, నలుడిని ఆవహించి జూదమాడించిన కలి అతని ఒంటి నుంచి బయటికి వచ్చాడు. అంటే జూదం పట్టిన దయ్యం వదిలినది జూదాన్ని తిట్టుకున్నందువల్ల కాదు, దాని లెక్క తెలిసినందువల్ల. నలుడు నిషధకు తిరిగివచ్చి, తనను జూదంలో ఓడించిన తమ్ముడు పుష్కరుడితో ఒకే ఒక్క పందెం ఆడి రాజ్యం గెలుచుకున్నాడు, ఓడిన తమ్ముడిని క్షమించి అతని ఆస్తి అతనికి ఇచ్చి పంపాడు. ఈ కథను ధర్మరాజుకు చెప్పిన బృహదశ్వ మహర్షి చివరికి ఆ అక్షహృదయాన్ని అతనికీ ఉపదేశించాడు. శకునికి కూడా పాచికల నేర్పు ఉంది. నేర్పులో ఋతుపర్ణుడూ శకునీ సమానులే కావచ్చు. ఒకడు లెక్క తెలియనివాడికి నేర్పాడు, రెండోవాడు లెక్క తెలియనివాడిని వెతికి కూర్చోబెట్టాడు. క్వాంటు వృత్తిని తూచవలసిన రెండు తూకపురాళ్లు ఇవే.

ఋగ్వేదంలోని జూదరి సూక్తం పాచికలు వదిలి పొలం దున్నుకొమ్మని హితవు చెబుతుంది. జూదానికి విరుగుడుగా వేదం చూపిన ఆ పొలమే ఈనాడు గుంటూరు, ప్రకాశం మైదానాల్లో జూదమైంది, రైతులే సేద్యాన్ని ఆ మాటతో పిలుస్తున్నారు. 1987-88లో తెల్లదోమ పత్తిని మట్టుబెట్టినప్పుడు మందుల దుకాణాల అప్పు తీర్చలేక ఈ రెండు జిల్లాల పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్లతామర పురుగు మిర్చి పూతను పీల్చివేసింది. పంట పోయిన ఏడు ధర ఉంటుంది, పంట వచ్చిన ఏడు ధర ఉండదు. 2023లో గుంటూరు యార్డులో క్వింటా 20 వేలు దాటిన మిర్చి రెండేళ్లు తిరగకుండానే దాదాపు సగానికి పడిపోగా, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర నిర్ణయించి 2.91 లక్షల టన్నులకు దాన్ని వర్తింపజేయవలసి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో పత్తి దిగుమతి సుంకం 11 శాతాన్ని ఎత్తివేసినప్పుడు, దాని ప్రభావం ఇంకా కాయ పగలని చేల మీద కూడా పడింది. శీతల గిడ్డంగిలో టిక్కీలు (మిర్చి బస్తాలు) దాచుకుని ధర కోసం ఎదురుచూసే మిర్చి రైతు చేస్తున్నదీ ఒక ఆప్షన్ వ్యాపారమే. గిడ్డంగి అద్దె, అప్పు మీద వడ్డీ అతను చెల్లిస్తున్న బయానా. తేడా ఏమిటంటే ఆ బయానా ఎంత ఉంటే న్యాయమో అతనికి లెక్కగట్టి చెప్పేవాడు లేడు. కౌలు రైతు సంగతి ఇంకా కష్టం. పంట వచ్చినా రాకపోయినా కౌలు ముందే కట్టాలి.

ఈ లెక్కలో ఫలం ఎవరిది, కూలి ఎవరిదన్న చర్చ పూర్వమీమాంసలో చాలా సూక్ష్మంగా సాగింది. యాగం చేయించే ఋత్విక్కులు దక్షిణతో కుదుర్చుకున్నవారు, వారికి దక్షిణే ప్రాప్తి. స్వర్గాది ఫలం యజమానికి, ఎందుకంటే ఖర్చూ వ్రతమూ నష్టభయమూ అతనివి. ఈ నియమంలో ఒక న్యాయం ఉంది: నష్టం ఎవరిదో లాభం వారిది. బోనస్ అనే ఏర్పాటు ఈ గీతను చెరిపివేసింది. లాభం వచ్చిన ఏడు క్వాంటు ఫలంలో భాగస్వామి. నష్టం వచ్చిన ఏడు అతను దక్షిణ పుచ్చుకున్న ఋత్విక్కు మాత్రమే, మహా అయితే ఉద్యోగం పోతుంది. పాత పల్లెల కల్లంలో కొలిచినవాడికీ, కాపలా కాసినవాడికీ, వడ్రంగికీ, కమ్మరికీ ధాన్యంలోనే మేర కొలిచి ఇచ్చేవారు. కుప్ప పెద్దదైతే మేర పెద్దది, కుప్ప చిన్నదైతే మేర చిన్నది. ఆ పద్ధతిలో కుల వ్యవస్థ దౌష్ట్యం నిండుగా ఉన్నది, దాన్ని తిరిగి కోరుకోనక్కరలేదు. అయితే కొలిచేవాడి కడుపు కొలిపించుకున్నవాడి కుప్పతో ముడిపడి ఉండాలన్న ఒక్క సూత్రం మాత్రం నిలబెట్టుకోదగినది. తమ సొంత డబ్బు కూడా పెట్టిన క్వాంట్లు లేకపోలేదు. 1998లో కుప్పకూలిన లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్‌లో భాగస్వాములైన షోల్స్, మెర్టన్ అంతకు ముందు ఏడే నోబెల్ పొందినవారు, ఆ పతనంలో తమ డబ్బూ పోగొట్టుకున్నారు. అయినా ఆ సంస్థను నిలబెట్టడానికి బ్యాంకులు 3.6 బిలియన్ డాలర్లు పోగు చేయవలసి వచ్చింది. ప్రత్తిపాడు రైతు మునిగినప్పుడు అంత వేగంగా ఎవరూ పోగు చేయరు.

ఫలాపేక్ష లేని కర్మ అనే గీతా బోధను ఇక్కడ వాడేవారు జాగ్రత్తగా వాడాలి. రైతుకు ఫలాపేక్ష వద్దని చెప్పి, ఫలంలో వాటా రాసిపెట్టుకున్న ఒప్పందం మీద సంతకం చేయడం ఆ బోధకు అపచారం. గీత ఫలాన్ని వదలమన్నది కర్మ చేసేవాడి మనసుకు. ఒకరి కర్మఫలాన్ని మరొకరు తీసుకోవడానికి అది అనుమతి పత్రం కాదు.

అప్పుల్లో ఉన్న కుటుంబం నుంచి వచ్చిన యువకుడు ఈ ఉద్యోగంలో చేరడాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదన్నది నిజం. శాస్త్రాలు దీన్ని ఆపద్ధర్మమంటాయి. కష్టకాలంలో మామూలుగా చేయని వృత్తి చేసి బతకవచ్చు. కాని ఆపద్ధర్మానికి ఒక గడువు ఉంది, ఆపద తీరడమే ఆ గడువు. నాలుగేళ్లు చేసి, కౌలు అప్పులూ చెల్లెలి పెళ్లీ తీర్చుకుని మానేస్తానన్న సంకల్పం, బోనస్ పెరిగేకొద్దీ మరో నాలుగేళ్లకు జరిగిపోవడం ఈ వృత్తి స్వభావంలోనే ఉంది. ఆపద తీరిన తరువాత కూడా ఆపద్ధర్మం పేరు చెప్పుకోవడం శాస్త్రసమ్మతం కాదు.

దానం సంగతీ విచారించాలి. ప్రత్తిపాడుకు అట్టే దూరం లేని అమరావతి స్తూపం మీద వర్తకులు, ఉపాసికలు మొదలుకొని విధికుడనే చర్మకారుడి వరకు దాతల పేర్లు శాసనాలకెక్కాయి. చర్మకారుడు చెక్కించిన పూర్ణఘటపు ఫలకం అందులో ఒకటి. ఏ వృత్తివాడి దానాన్నైనా అక్కడి బౌద్ధ సంఘం స్వీకరించింది. అదే సంఘం బోధలో సమ్యగాజీవం, అంటే సరైన జీవనోపాధి, అష్టాంగమార్గంలో విడిగా ఒక అంగం. దానం ఎంత గొప్పదైనా ఆ అంగానికి బదులు కాలేదు. ఎరగా ఒక లాభాన్ని వేసి మరో లాభాన్ని పట్టే బతుకును పాలీ గ్రంథాలు తప్పుడు జీవనోపాధిగా లెక్కించాయి. రినైసాన్స్ టెక్నాలజీస్ స్థాపించిన జిమ్ సైమన్స్, 2024లో మరణించేనాటికి గణిత, విజ్ఞాన పరిశోధనలకు వందల కోట్ల డాలర్లు ఇచ్చాడు. ఆ సాయంతో వెలువడిన పరిశోధన నిజమైన మేలు. అయినప్పటికీ నారద స్మృతి నియమం ప్రకారం దానం ధనపు రంగును కడగదు. ధనం ఏ రంగుదో దానఫలం ఆ రంగుదే.

కాబట్టి తీర్పు ఇది: క్వాంటు జీతం మొత్తంగా శబలధనం, అది పెద్దదైనందువల్ల పాపమూ కాదు, తెలివికి దక్కినందువల్ల పుణ్యమూ కాదు. నష్టాన్ని మోయలేనివాడి నష్టాన్ని, మోయగలవాడు తెలిసి తన మీదికి తీసుకున్నప్పుడు అందులో పుట్టిన ఆదాయం తెలుపు వైపు మొగ్గుతుంది. మోయలేనివాడికి తెలియకుండా అతని మీదికి నష్టాన్ని తోసినప్పుడు పుట్టిన ఆదాయం నలుపు. మొదటి పని చేయడానికి కావలసిన సాధనాలు లోకంలో ఉన్నాయి. జాతీయ సరుకుల ఎక్స్ఛేంజీ ఎన్‌సీడీఈఎక్స్, మిర్చికి గుంటూరునే డెలివరీ కేంద్రంగా పెట్టి ఒకప్పుడు ఫ్యూచర్స్ నడిపింది. విత్తు వేసే నాడే కోతనాటి ధరను ఖాయం చేసుకునే వీలు అందులో ఉన్నది, దాన్ని వాడుకునే లెక్క మాత్రం రైతు చేతికి రాలేదు. ధర పడిపోతే ఆదుకునే ఆప్షన్‌కు ఎంత బయానా న్యాయమో, వాన తక్కువైతే చెల్లించే బీమాకు ప్రీమియం ఎలా కట్టాలో, శీతల గిడ్డంగిలో సరుకు ఎన్నాళ్లు ఉంచితే వడ్డీ మింగివేస్తుందో లెక్కగట్టడం ఈ నేల మీద పుట్టి ఆ విద్య నేర్చినవారికి కష్టమైన పని కాదు.

గార్డెన్ లీవులో ఊరికి వచ్చి ఆరు నెలలు కూర్చునే ప్రత్తిపాడు పిల్లలు ఆ లెక్కను తెలుగులో రాసి రైతు ఉత్పత్తిదారుల సంఘాల చేతికి ఇవ్వాలి. ఉద్యోగానికి పిలిచిన సంస్థను ప్యాకేజీ ఎంతని అడిగిన నోటితోనే, మీ లాభానికి ఎదురు పక్కన నష్టపోయేది ఎవరని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్న అడగమని పిల్లలకు చెప్పవలసింది వారి తల్లిదండ్రులే.